అందరూ నడిచే వెళ్లారా?

డయాలసిస్ యూనిట్లో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడమ్, ఇక్కడ రోజూ ఒకటే పని, ఒకటే ముఖాలు. పిచ్చెక్కిపోతోంది. క్యాజువాల్టీకి మార్పించుకోమంటారా?" అని అడిగింది. ఫోన్లో అంతా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయికే కాదు, ఈ పనిలోకి వచ్చే పిల్లలందరికీ.

నాకు నోరెక్కువని నాతో పనిచేసినవాళ్లంతా చెబుతారు. నిజమే. నా తిట్లు తిననివాళ్లు మా యూనిట్లో మిషన్లు మాత్రమే. కాబట్టి ఇందులో మెత్తని మాటల కోసం వెతక్కండి.

ఒకటే పని

మాది విజయనగరం. సర్వీసులో ఎక్కువ కాలం క్యాజువాల్టీలోనే చేశాను. అక్కడ రోజుకో కొత్త గొడవ. ఒకరు బతుకుతారు, ఒకరు పోతారు, సాయంత్రానికి అంతా తెలిసిపోతుంది. రాష్ట్రం విడిపోతుందా లేదా అని వార్డు టీవీ ముందు జనం వాదించుకుంటున్న రోజుల్లో నన్ను ఉద్దానం వైపు ఒక ఆసుపత్రికి డయాలసిస్ ఇన్‌ఛార్జిగా వేశారు. శిక్ష వేశారనుకున్నాను.

ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస తోటల నేల. చూస్తే కళ్లు చల్లబడతాయి. అలాంటి చోట ఇంటికొకరికి కిడ్నీలు పాడైపోతున్నాయి. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు. ఇదీ కారణం అని మాకు తేల్చి చెప్పినవాళ్లు లేరు. మా పని కారణం వెతకడం కాదు. వచ్చినవాళ్ల రక్తం శుభ్రం చేసి పంపడం.

వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఒక బ్యాచ్ సోమ, బుధ, శుక్రవారాలు. ఇంకొక బ్యాచ్ మంగళ, గురు, శనివారాలు. ఆ మనిషికి పండగైనా, పెళ్లైనా, వర్షమైనా ఆ రోజు ఆ మంచం ఎక్కాల్సిందే. మానేస్తే ఒంట్లో నీరు చేరుతుంది, విషం చేరుతుంది. మిగతా వార్డుల్లో రోగి నయమై ఇంటికి వెళ్తాడు. ఇక్కడ నయం కావడం అనేది లేదు, మళ్లీ రావడమే ఉంటుంది. మొదటి మూడు నెలలూ నాకది భరించరానిదిగా ఉండేది. ఆదివారం ఎప్పుడొస్తుందా, రిటైర్మెంట్ ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

డాక్టరు గారి ప్రశ్న

మా డాక్టరు గారు మాట్లాడేది తక్కువ. బ్యాచ్ అయిపోయే వేళకు వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవారు. రోగులు ఒక్కొక్కరే చెప్పులేసుకుని, ఖాళీ క్యారియర్ పట్టుకుని బస్టాండు వైపు వెళ్తుంటే చూసేవారు. ఆయన రాలేకపోయిన రోజు ఫోన్లో ఒక్కటే అడిగేవారు.

"అందరూ నడిచే వెళ్లారా?"

"వెళ్లారండీ."

"అయితే మంచి రోజే."

ఇదేం మంచి రోజు, ఏమీ జరగలేదు కదా అనుకునేదాన్ని. ఏమీ జరగకపోవడం ఎంత కష్టమైన పనో నాకు ఒక కరెంటు కోత నేర్పింది. మధ్యాహ్నం బ్యాచ్ నడుస్తుండగా కరెంటు పోయింది. జనరేటరు ఎంతకీ అందుకోలేదు. మనిషి రక్తం గొట్టాల్లో ఉంది. పంపు ఆగితే ఆ రక్తం గడ్డ కట్టేస్తుంది. టెక్నీషియన్ ఒక మిషన్ దగ్గర, నేను ఒక మిషన్ దగ్గర, ఆఖరికి డాక్టరు గారు కూడా ఒక మిషన్ దగ్గర నిలబడి పంపు పిడిని చేత్తో తిప్పాం. చెయ్యి లాగేస్తున్నా ఆపడానికి లేదు. గట్టిగా తిప్పకూడదు, మెల్లగా తిప్పకూడదు. జనరేటరు అందుకున్న చప్పుడు విన్నాకే ఒక్కొక్కరం పిడి వదిలాం.

ఆ సాయంత్రం డాక్టరు గారు గుమ్మం దగ్గర నిలబడితే నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. వాళ్లు ఒక్కొక్కరే నడిచి వెళ్తుంటే నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. అప్పటినుంచి రోజూ నిలబడ్డాను.

సంబరం అయ్యాక

మంగళవారం బ్యాచ్‌లో దండాసి అని ఒకాయన ఉండేవాడు. నలభై దాటిన మనిషి, కొబ్బరి తోట ఉండేది. జబ్బు రాకముందు చెట్లు తనే ఎక్కేవాడట. భార్య తవిటమ్మ ప్రతిసారీ అతనితోపాటు బస్సులో వచ్చేది. అతను మిషన్ మీద ఉన్నంతసేపూ వరండాలో కూర్చునేది. అతనికి కిటికీ పక్క మంచమే కావాలి. వేరే మంచమిస్తే అలిగేవాడు.

ఇక్కడ మా యూనిట్ అలవాటు ఒకటి చెప్పాలి. కిడ్నీ రోగులకు కొబ్బరినీళ్లు, పనస, అరటి లాంటివి ప్రమాదం. వాటిలోని పొటాషియం ఒంట్లోంచి బయటికి పోక గుండెను పట్టుకుంటుంది. ఉద్దానంలో పుట్టినవాడిని కొబ్బరి, పనస ముట్టుకోవద్దనడం ఎంత అన్యాయమో ఆలోచించండి. అందుకని డాక్టరు గారు కొందరికి ఒక సడలింపు ఇచ్చారు. మిషన్ ఎక్కిన మొదటి గంటలో, ఆయన సరేనన్నవాళ్లు, ఒక చిన్న ముక్క తినొచ్చు. ఒంట్లో చేరేదాన్ని చాలావరకు మిషనే లాగేస్తుంది. మీ డాక్టరును అడక్కుండా మీరు ఈ పని చేయకండి, ఒక్కో రోగి లెక్క ఒక్కోలా ఉంటుంది. మా దగ్గర మాత్రం ఆ మొదటి గంటలో క్యారియర్లు తెరుచుకునేవి. యూనిట్ అంతా పనసపండు వాసన. నవ్వులు, వేళాకోళాలు.

దండాసి మాత్రం తినేవాడు కాదు. తవిటమ్మ ఒక్క పనస తొన కడిగి గిన్నెలో పెట్టి తెచ్చేది. అతను మూత కూడా తీసేవాడు కాదు.

"ఇప్పుడొద్దు. సంబరానికి తింటాను," అనేవాడు.

వాళ్ల ఊళ్లో అమ్మవారి సంబరం కొన్నేళ్లకోసారి వస్తుంది. ఆ ఏడు వేసవిలో రాబోతోంది. అమ్మవారి ఘటం ఊరేగింపులో మొదట ఆగేది వాళ్లింటి ముందేనట. తాతల నాటి మర్యాద. ఇంటి మగవాడు బిందెడు పసుపు నీళ్లు పోసి మొక్కాలి. ఆ ఒక్క రోజు కోసమే అతను బతుకుతున్నాడు. మంగళ, గురు, శనివారాలన్నీ అతనికి దారిలో గతుకులు.

"సంబరం సూసేస్తే సాలు సిస్టరమ్మా. ఆ తరవాత నానేటైపోయినా పర్నేదు."

"సంబరం సంగతి తర్వాత. ముందు గురువారానికి రా," అనేదాన్ని. "ఇంత నీరు పట్టి వచ్చావు, నిన్న చెరువు తాగావేటయ్యా?"

నేనూ ఈ ప్రాంతం దాన్నే. కోపమొస్తే నా నోట్లోంచీ ఇక్కడి మాటే వస్తుంది. అతను నవ్వేసి కిటికీ వైపు తిరిగేవాడు. ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో కూడా అతను చూసేవాడు కాదు. కళ్లు అక్కడున్నా మనసు ఊళ్లో సంబరం దగ్గరే ఉండేది.

రాట పడింది

సంబరానికి ముందు శనివారం దండాసి రాలేదు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆదివారం సెలవు. సోమవారం ఉదయం బ్యాచ్‌కి సూదులు పెడుతుండగా తవిటమ్మే చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"సిస్టరమ్మా, కాళ్లు బరువంటన్నాడు. లెగలేకపోతన్నాడు. మూతి సుట్టూ తిమ్మిరంటన్నాడు."

నా చేతిలో సూది ఆగిపోయింది. గురువారం తర్వాత మిషన్ ఎక్కని మనిషికి కాళ్లు లేవడం లేదంటే, మూతి తిమ్మిరంటే, పొటాషియం గుండె గుమ్మం దాకా వచ్చిందని అర్థం.

"ఏం తాగాడు? నిజం చెప్పు."

"సంబరం కదా. సుట్టాలకి బొండాలు దించారు. ఆలతోపాటు తాగేసాడు. ఆపమంటే ఇన్నేదు."

"వెంటనే ఆటో ఎక్కించి తీసుకురా!"

"రాకూడదమ్మా. శుక్రారం రాట పడిపోనాది."

రాట అంటే సంబరానికి గుర్తుగా నాటే గుంజ. ఆ ఊళ్లో అది పడ్డాక సంబరం ముగిసేదాకా ఊరి మనిషి పొలిమేర దాటకూడదు. ఇలాంటి కట్టుబాట్లు ఊరికొకటి ఉంటాయి. సంబరం మంగళవారం. అంటే మర్నాడు.

డాక్టరు గారికి చెప్పాను. మంచాలన్నీ నిండి ఉన్నాయి, ఆయన కదలడానికి లేదు. "అంబులెన్సు తీసుకుని మీరు వెళ్లండి. కాల్షియం ఇంజక్షన్లు పెట్టుకోండి. నాతో ఫోన్లోనే ఉండండి," అన్నారు. ఆగి, "అతను రేపటిదాకా ఆగడు. అది వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి," అన్నారు.

పొలిమేర దగ్గర

ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా వేపమండల తోరణం కట్టి ఉంది. మమ్మల్ని లోపలికి రానిచ్చారు, పైవాళ్లకు కట్టు లేదు. డప్పులు మోగుతున్నాయి. ఇంటింటికీ సున్నం, పసుపు గడపలు.

దండాసి వసారాలో మంచం మీద ఉన్నాడు. ఊపిరి ఎగపోస్తున్నాడు. పాదాలు ఉబ్బి వేలితో నొక్కితే గుంట పడుతోంది. నాడి చూశాను. చాలా మెల్లగా, ఆగి ఆగి కొట్టుకుంటోంది. మంచం కింద తాగేసిన బొండాలు దొర్లుతున్నాయి. తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు.

స్ట్రెచర్ దించమన్నాను. అప్పుడు అతని అన్న కూర్మారావు వచ్చి అడ్డం నిలబడ్డాడు. సంబరం పెత్తనం అతనిదే. నుదుట పసుపు, చేతికి కంకణం.

"రేపొక్క రోజు ఓపిక పట్టండమ్మా. అమ్మోరు ఊరేగిన ఎంటనే నానే ఎత్తుకొస్తాను."

"రేపటిదాకా ఉండడు."

"మీకు తెల్దు. ఈ ఊళ్లో ఈ జబ్బు నేని ఇల్లు నేదు. నా కొడుకు పోనాడు. ఈ సంబరం ఊరికే సేత్తన్నామా? ఈ జబ్బు ఊరొగ్గేసి పోవాలని సేత్తన్నాం. కట్టు తప్పి ఊరికేటైనా అయితే, అందరికీ ఎవులు సమాదానం సెప్తారు?"

అతని గొంతులో మొండితనం లేదు, భయం ఉంది. పిల్లలూ, మీరు ఇలాంటి మనిషిని తప్పకుండా కలుస్తారు. మూర్ఖుడని కొట్టిపారేయకండి. కొడుకును పోగొట్టుకుని, మిగిలిన ఊరినైనా కాపాడుకోవాలని నిలబడ్డ మనిషి అతను. నాకది అర్థమైంది. కానీ నా వేళ్ల కింద దండాసి నాడి ఆగి ఆగి కొట్టుకుంటోంది. జనం పోగయ్యారు. అరుద్దామనుకున్నాను. అరిస్తే వాళ్లు ఇంకా బిగుసుకుంటారని తెలుసు.

అప్పుడు తవిటమ్మ లోపలినుంచి వచ్చింది. బావగారి ముందు ఎప్పుడూ తలెత్తి మాట్లాడే మనిషి కాదు. కొంగు నడుముకు దోపుకుని, వచ్చి దండాసి కాళ్ల దగ్గర స్ట్రెచర్ పట్టుకుంది.

"బావా, రేపు అమ్మోరు మా ఇంటి ముందు ఆగుతాది. ఇంటి మడిసేడీ అని అడుగుతాది. సచ్చిపోనాడని సెప్పమంటావా, ఆస్పత్రికెల్నాడని సెప్పమంటావా?"

కూర్మారావు చేతి కంకణం వైపు చూసుకున్నాడు.

"పొలిమేర నానే దాటిస్తన్నాను. పాపం ఏటైనా ఉంటే నా మీదకే రానీ. ఊరి మీదకి రాకుండా నువ్వే మొక్కు."

కూర్మారావు మా ముఖాలు చూడలేదు. మెల్లగా వెనక్కి తిరిగి గుడి వైపు ముఖం పెట్టి చేతులు జోడించాడు.

"నాను సూడ్నేదు," అన్నాడు. "ఎవులూ సూడ్నేదు."

పోగైన జనం ఒక్కొక్కరే గుడి వైపు తిరిగారు. మాకు దారి దొరికింది.

డయాలసిస్ సూదులు పెట్టే చేతిని ఇంకో ఇంజక్షనుకు వాడకూడదు. అంబులెన్సులో అతని రెండో చేతిలో నరం దొరకడానికి నా ప్రాణం పోయినంత పనైంది. ఫోన్లో డాక్టరు గారు చెబుతుంటే కాల్షియం చుక్కచుక్కగా ఎక్కించాను. రోడ్డు గతుకులు. డ్రైవరును తిడుతున్నాను, దండాసిని పిలుస్తున్నాను. అతని కళ్లు మూతపడుతున్నాయి. మాట్లాడుతూ ఉండమంటే పెదాలు కదిపాడు. సంబరం గురించి ఏదో అంటాడనుకుని చెవి దగ్గర పెట్టాను.

"కిటికీ మంచం... కాలీగా ఉన్నాదా?"

"ఉంది. నీకోసమే ఉంచాను," అని అబద్ధం చెప్పాను. నా జీవితంలో ఆ నిమిషం పడినంత భయం ఇంకెప్పుడూ పడలేదు. అంతకుముందు ఎన్నో చావులు చూశాను. ఈ మనిషిని మాత్రం పోనివ్వకూడదని నాలో నేనే ఏడ్చాను.

డాక్టరు గారు గుమ్మంలోనే ఉన్నారు. ఈసీజీలో గుండె గీతలు చూసి వెంటనే ఎక్కించమన్నారు. అత్యవసరానికి పక్కన ఉంచే మిషన్ మీదకే సరాసరి ఎక్కించాం. ఆ కిటికీ మంచం మీది రోగికి టైము ఇంకా మిగిలి ఉంది. సంగతి విని, "నన్ను పక్కకి జరపండమ్మా, నాకెక్కడైనా ఒకటే," అని మిషన్‌తో సహా జరిగిపోయాడు. రెండో గంట గడిచాక దండాసి నాడి గాడిన పడింది. నేను వరండాలోకి వచ్చి తవిటమ్మ పక్కన నేల మీద కూలబడ్డాను.

తొన

మంగళవారం సంబరం జరిగిపోయింది. అమ్మవారు వాళ్లింటి ముందు ఆగింది. దండాసి మా దగ్గర రెండోసారి మిషన్ మీద ఉన్నాడు. బుధవారం కూర్మారావు కుంకం, ప్రసాదం పట్టుకొచ్చి, "నీ బదులు నీళ్లు నానే పోసాను తమ్ముడా. అమ్మోరు ఒప్పుకున్నాది," అన్నాడు. దండాసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత చాలా వారాలు నాతో మాట్లాడలేదు. ప్రాణం నిలబెట్టినందుకు ఇదా మర్యాద అని నాకూ ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే అతని బాధ న్యాయమే. ఎదురుచూసిన ఒక్క రోజునూ మేం లాగేసుకున్నాం. అతని చేతిలో మిగిలినవి మంగళ, గురు, శనివారాలే.

ఒక మంగళవారం మిషన్ ఎక్కించి పక్క మంచం దగ్గరికి వెళ్తుంటే వెనకనుంచి పిలిచాడు.

"సిస్టరమ్మా, అదేటి పిట్ట?"

కిటికీ అవతల గోడ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. నేను చెప్పాను. అతను తలూపి, తవిటమ్మ తెచ్చిన గిన్నె మూత తీశాడు. పనస తొన నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నమిలాడు.

"బాగున్నాదా?"

"మంగళారం కదమ్మా. బాగుంటాది."

అప్పటినుంచి అతను మొదటి గంట వదులుకోలేదు. పనస కాలం అయిపోతే ఇంకేదో ముక్క. ఎక్కువ నీరు పట్టి రావడం మానేశాడు. పక్క మంచంవాళ్లను ఏడిపించేవాడు. అందరూ దిగి వెళ్తుంటే గుమ్మం దగ్గర మాతోపాటు నిలబడి, "అందరూ నడిసే ఎల్తన్నారు డాక్టరు బాబూ," అని ఆయన కంటే ముందే చెప్పేవాడు. నేను ఆదివారాల కోసం చూడటం మానేసింది ఆ రోజుల్లోనే. ఇది ఎవరూ నాకు పాఠంగా చెప్పలేదు. అతన్ని పక్కనుండి చూసి నేర్చుకున్నాను.

ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేదొక్కటే. మన పనిలో 'రేపు' అనేది చాలా చెడ్డ మాట. రోగి నోట వచ్చినా చెడ్డదే, మన నోట వచ్చినా చెడ్డదే. ఇవాళ సూది సరిగ్గా పెట్టు. ఇవాళ అతను తినే తొన రుచిగా ఉందో లేదో అడుగు.

దండాసి ఇంకా కొన్నేళ్లు బతికాడు. మళ్లీ సంబరం రాకముందే, ఒక వేసవి ఉదయం, ఇంట్లోనే, టీ తాగుతూ పోయాడు. గుండె ఆగింది. నేను రిటైరవడానికి కొన్ని నెలల ముందు సంగతి.

దినాలు అయిపోయాక ఒక మంగళవారం మొదటి బ్యాచ్‌కి సూదులు పెడుతుంటే వరండాలో తవిటమ్మ కనిపించింది. ఎప్పటి చోటే, ఎప్పటి క్యారియరే.

"ఏటే తవిటమ్మా, ఇలగొచ్చావు?"

"తెల్దమ్మా. మంగళారం కదా, బస్సెక్కేసాను." కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కాసేపు కూర్చుంది. "సంబరం గురించి అందరూ అడుగుతారు. నాకది గేపకమే రాదు. తిరిగెల్లేటప్పుడు బస్సులో నా బుజం మీద తలెట్టి నిద్రపోయీవోడు. ఊరొచ్చిందాకా కదిలీదాన్ని కాదు. అదే గేపకమొస్తాది. ఈయాల వచ్చేటప్పుడు కూడా కదల్నేదమ్మా."

ఆమె లేచి కిటికీ మంచం దగ్గరికి వెళ్లింది. ఆ మంచం మీద కొత్తగా చేరిన ఒక ముసలాయన ఉన్నాడు. మూడోసారో నాలుగోసారో రావడం, ఇంకా భయంతో బిగుసుకుపోయి పైకప్పు చూస్తున్నాడు. తవిటమ్మ గిన్నె మూత తీసింది. కడిగిన పనస తొన ఒక్కటి.

"మొదటి గంటే కదమ్మా," అంది నా వైపు తిరిగి. "పెట్టొచ్చా?"

నేను డాక్టరు గారి వైపు చూశాను. ఆయన ముసలాయన కాగితాలు చూసి, సగం పెట్టమన్నట్టు వేళ్లతో చూపించారు. తవిటమ్మ తొన చీల్చి సగం అతని నోటికి అందించింది. మిగిలిన సగం, అక్కడే నిలబడి, తనే తింది.

ఆ సాయంత్రం డాక్టరు గారూ నేనూ గుమ్మం దగ్గర నిలబడ్డాం. అందరూ నడిచే వెళ్లారు. అందరికంటే వెనకగా, ఖాళీ క్యారియర్ పట్టుకుని, తవిటమ్మ కూడా.